ఆలండు ద్వీపములు : భూమిని ఆశ్రయించిన తాటస్థ్యము

తటస్థశబ్దమునకు వ్యుత్పత్తిచేఁ గలుగు నర్థము తీరమున నిలిచినవాఁడని. ఏటిలోఁ బోరాడు నిరువురను గట్టుమీఁదనుండి చూచుచు నెవ్వని పక్షమును వహింపనివాఁడు తటస్థుఁడు. ఉదాసీనశబ్దమును దీనికి సమీపార్థకమే. కౌటిలీయార్థశాస్త్రమున మండలయోని యను నధికరణమందు అరి, మిత్ర, మధ్యమ, ఉదాసీనులు రాజులుగానే పరిగణింపఁబడిరి. షాడ్గుణ్యములోని యాసనమును రాజు చేయు పనియే. కావున భారతీయ నీతిశాస్త్రదృష్టిలోఁ దాటస్థ్యము రాజునందుండు ధర్మము. రాజు మాఱినను, రాజు మనసు మాఱినను, ఆ ధర్మమును మాఱును. ఒక భూఖండమే తటస్థముగా నుండవలెననియు, దాని నేలు ప్రభువెవఁడైనను అందుఁ గోట కట్టరాదనియు, సేనను నిలుపరాదనియు నేర్పఱచుట ఐరోపాఖండమున 19-వ శతాబ్దమునఁ బ్రబలిన పద్ధతి. ఇందు ధర్మి రాజు గాఁడు, భూమి. ఈ భేదమును గుర్తింపనిచో వివాదభూములను గుఱించిన చర్చలలో రెండు ప్రశ్నలు కలిసిపోవును. ఈ భూమి యెవరిది? ఈ భూమియం దాయుధములు నిలుపవచ్చునా? మొదటిదానికిఁ జెప్పిన యుత్తరము రెండవదానికిఁ జాలదని చూపుటకు ఆలండు ద్వీపముల చరిత్రము చక్కని నిదర్శనము.

బాల్టికు సముద్రమున, బోత్నియా సింధుశాఖ ముఖద్వారమున, స్వీడనుకును ఫిన్లండుకును నడుమ నీ ద్వీపము లున్నవి. చిన్నవియుఁ బెద్దవియుఁ గలిపి 6,000కు మించిన దీవులును రాతితిప్పలును గలవు; జనులు నివసించునవి మాత్రము కొలఁది. జనసంఖ్య నేఁటికిని సుమారు 30,000. వారి మాతృభాష స్వీడిషు. ప్రధానద్వీపమునకును స్వీడను తీరమునకును నడుమ నున్న సముద్రము సుమారు 40 కిలోమీటరులు మాత్రమే. శీతకాలమున నాసముద్రము గడ్డకట్టినపుడు సేనలు మంచుమీఁదనే నడచిపోఁగలవు. 1809 మార్చిలో రష్యాసేన లీద్వీపముల నాక్రమించినపుడు కుల్నేవు అను సేనాని దళ మొకటి మంచు దాఁటి స్వీడను తీరమునందలి గ్రిస్లెహామ్నును జేరెను. స్టాక్‌హోము నగర మచ్చటికి దూరము గాదు. ఆలండునందు నిలిచిన శత్రువు స్వీడను రాజధాని వాకిట నిలిచినవాఁడే యనుట అతిశయోక్తి గాదని యీ యొక్క సంఘటనము తెలుపును.

అదే సంవత్సరము సెప్టెంబరు 17-వ తేదీని ఫ్రెడ్రిక్స్‌హామ్ను సంధిచే స్వీడను ఫిన్లండును, దానితోఁగూడ నాలండును రష్యాచక్రవర్తి కొసఁగెను. ఇందుఁ గోటలు కట్టకుండునట్లు మాట యిమ్మని స్వీడను ప్రతినిధులు కోరిరి, రష్యా యంగీకరింపలేదు. 1832లో రష్యాప్రభుత్వము బోమర్‌సుండు అనుచోట గొప్ప దుర్గమును గట్ట నారంభించెను. ఇరువది సంవత్సరములు గడచినను బని పూర్తి గాలేదు. అంతలోఁ గ్రిమియా యుద్ధము వచ్చెను. 1854 ఆగస్టులో ఆంగ్లేయ నౌకాదళమును ఫ్రెంచి సేనయు నాదుర్గమును ముట్టడించెను. 16-వ తేదీని దుర్గరక్షకులు లొంగిపోయిరి. గెలిచినవారు దుర్గమును మందుపెట్టి కూల్చిరి. నేఁడచ్చట నెఱ్ఱరాతి శిథిలములు మాత్రము మిగిలినవి.

యుద్ధాంతమున 1856 మార్చి 30-వ తేదీని బ్రిటను, ఫ్రాన్సు, రష్యాలు పారిసులో నొక ప్రత్యేకపుటొడంబడిక చేసికొనెను. ఆలండు ద్వీపములలోఁ గోటలు కట్టరాదనియు, సైనికస్థావరముఁగాని నౌకాస్థావరముఁగాని నిలుపరాదనియు దాని సారము. పారిసు మహాసంధియందలి 33-వ ప్రకరణమున నీయొడంబడిక యాసంధిలో భాగముగాఁ బరిగణింపఁబడెను. ఇందు రెండు విశేషములు గమనింపఁదగినవి. మొదటిది: ఎవరి క్షేమమున కిది ముఖ్యముగా నేర్పడెనో యాస్వీడను దీనిపై సంతకము చేయలేదు, అది యుద్ధమున దిగలేదు గదా. రెండవది: ఇందు నిషేధింపఁబడినది దుర్గము, స్థావరము. యుద్ధకాలమున నీభూమి తటస్థముగా నుండవలెనను మాట యిందు లేదు. నిస్సైనికత వేఱు, తాటస్థ్యము వేఱు. మొదటిది శాంతికాలమున నాయుధముల నుంచరాదను నియమము. రెండవది యుద్ధకాలమున నాభూమిని రణరంగముగాఁ జేయరాదను నియమము. 1856 నాఁటి పత్రము మొదటిదానినే చెప్పెను.

ఈయొడంబడిక విలువ తెలియుటకు దీని తోఁబుట్టువును జూడవలెను. ఆపారిసు సంధియే నల్లసముద్రమును దటస్థముగాఁ జేసి, అందు రష్యాగాని తురుష్కసామ్రాజ్యముగాని యుద్ధనౌకలను, నౌకాయుధశాలలను బెట్టరాదని విధించెను. 1870లో, ఫ్రాన్సు జర్మనులతోఁ బోరి నలిగియున్న సమయమున, రష్యా యీనియమమును ద్రోసివేసెను. 1871లో లండనునఁ గూడిన రాజ్యములు దాని కంగీకరించెను. పదునైదేండ్లకే నల్లసముద్ర నియమము నశించెను. ఆలండు నియమము నిలిచెను. కారణము స్పష్టమే. నల్లసముద్ర నియమము ఓడిన ప్రభువు బలమును దగ్గించుటకు విధించినది, ప్రభువు నాశ్రయించినది. ఆప్రభువు బలము పుంజుకొనఁగానే యది తొలఁగెను. ఆలండు నియమమో, ఒక స్థలము పొరుగువారి కెల్ల భయకారణము గాకుండుటకై యేర్పడినది. 1907-1908 సంవత్సరములలో రష్యా దీనినిఁగూడఁ దొలఁగించుకొనఁ బ్రయత్నించెను గాని స్వీడను ప్రజల యాందోళనముచేతను ఇతర రాజ్యముల వైముఖ్యముచేతను ఆయత్నము ఫలింపలేదు.

ప్రథమప్రపంచయుద్ధమున నీకట్టుబాటు మొదటిసారి భగ్నమయ్యెను. 1915 మొదలుకొని రష్యా ద్వీపములలో ఫిరంగిదిబ్బలను నిర్మించెను. ఒడంబడికయందలి తక్కిన యిరువురు కర్తలు, బ్రిటనును ఫ్రాన్సును, అప్పుడు రష్యాకు మిత్రములే గనుక అడ్డుచెప్పలేదు. ఇవి యుద్ధకాలమునకు మాత్రమే యని స్వీడనుకుఁ జెప్పఁబడెను. నియమరక్షకులే యుల్లంఘనమునకు సమ్మతించినపుడు సంతకము చేయని పొరుగువాని గతి యేమను ప్రశ్న యచ్చటఁ బుట్టెను.

1917లో రష్యాసామ్రాజ్యము విచ్ఛిన్నమగుచుండఁగా భూస్వామ్యవివాదము తలయెత్తెను. ఆయేఁడు ఆగస్టులో ఆలండు గ్రామముల ప్రతినిధులు ఫిన్‌స్ట్రోమునఁ గూడి, తమ దీవులు తిరిగి స్వీడనులోఁ జేరవలెనని తీర్మానించిరి. డిసెంబరు 6-వ తేదీని ఫిన్లండు స్వతంత్రతను బ్రకటించెను. ఆనెల చివరి దినములలో ద్వీపవాసులు తమ కోరికను దెలుపు విన్నపముపై 7,135 సంతకములు సేకరించిరి; ప్రాప్తవయస్కులలో నూటికిఁ 95 మందికిఁ బైగా సమ్మతించినట్లయ్యెను. 1918 ఫిబ్రవరిలో నది స్వీడను రాజగు గుస్తావునకుఁ జేరెను. అప్పుడు స్వీడను సేనాదళము నొకదానిని ద్వీపములకుఁ బంపెను. మార్చిలో జర్మనుసేనలు దిగెను. ఆకోటలఁ దొలఁగింపవలెనని అదే నెలలోని బ్రెస్ట్‌లిటోవ్‌స్కు సంధిలోఁగూడ వ్రాయఁబడెను. ఫిన్లండు 1920 మే 6-వ తేదీని ఆలండునకు స్వపరిపాలనాశాసనమును జేసెను. ద్వీపవాసులు తమకది యక్కఱలేదనిరి. జూనులో వారి నాయకులగు యూలియస్ సుండ్‌బ్లూమును కార్ల్ బ్యోర్క్‌మనును రాజద్రోహాభియోగముపై నిర్బంధింపఁబడిరి. ఆనెలలోనే బ్రిటిషు విదేశాంగమంత్రి కర్జను ప్రభువు వివాదమును నానాజాతిసమితి ముందుంచెను. సమితికిఁ బుట్టి యప్పటి కాఱునెలలే.

1920 జులైలో లండనునఁ గూడిన సమితిమండలి యెదుట స్వీడను పక్షమున బ్రాంటింగును, ఫిన్లండు పక్షమున ఎంకెల్లును వాదించిరి. జాతికి స్వయంనిర్ణయాధికారము గలదు గావున ద్వీపవాసుల యభిమతమును సమ్మతిసేకరణముచేఁ దెలిసికొనవలెనని బ్రాంటింగు వాదము. ఇది ఫిన్లండు నాంతరంగికవిషయము గావున సమితికి విచారణాధికారమే లేదని ఎంకెల్లు వాదము. మండలి ఫ్రాన్సునకుఁ జెందిన లార్నోడును, హాలెండునకుఁ జెందిన స్ట్రూయ్‌కెనును, స్విట్జర్లండునకుఁ జెందిన మాక్సు హ్యూబరును ధర్మశాస్త్రజ్ఞుల సంఘముగా నియమించి యభిప్రాయ మడిగెను.

సెప్టెంబరు 5-వ తేదీని వారిచ్చిన యుత్తరమున మూఁడంశములు గలవు. ఒకటి: స్వయంనిర్ణయము రాజనీతియందు గొప్ప భావమే గాని యంతర్జాతీయన్యాయమున నింకను విధిరూపమును దాల్చలేదు, ఐనను వివాదము పుట్టునాఁటికి ఫిన్లండు స్థిరరాజ్యముగా నేర్పడలేదు గనుక ఇది కేవల మాంతరంగికవిషయము గాదు. రెండు: 1856 నాఁటి యొడంబడిక యింకను జెల్లుచున్నది. మూఁడు: ఆద్వీపములు గల యే రాజ్యమైనను ఆనియమమునకుఁ గట్టుపడవలెను, సంతకము చేయకున్నను స్వీడను దాని పాలనము నడుగవచ్చును. ఈ మూఁడవది సూక్ష్మమైనది. ఒకని భూమిపై మఱియొకనికి దారి, నీరు మొదలగు ననుభవము గలిగియుండుట లౌకికవ్యవహారమునఁ గలదు. రాజ్యముల నడుమ నట్టి యనుభవాధికారము సాంకేతికార్థమున సర్వసమ్మతము గాదని వారే యొప్పుకొనిరి. అయినను ఐరోపా సాధారణప్రయోజనమునకై మహారాజ్యము లొనర్చిన యేర్పాటు సంతకముల హద్దు దాఁటి వస్తుగతమైన విధి యగునని వారు నిర్ణయించిరి. ఒప్పందము సామాన్యముగాఁ గర్తల నాశ్రయించును. ఇచ్చట నది యధికరణమగు భూమిని ఆశ్రయించినదని తాత్పర్యము. రష్యా పోయి ఫిన్లండు వచ్చినను నియమము పోలేదు.

తరువాత బెల్జియమునకుఁ జెందిన బేయెన్సు, స్విట్జర్లండునకుఁ జెందిన కలొండరు, అమెరికాకుఁ జెందిన ఎల్కసు అను మువ్వురు నివేదకులు స్టాక్‌హోమును, హెల్సింకిని, ద్వీపములను దర్శించి 1921 ఏప్రిలులో నివేదిక యిచ్చిరి. భూస్వామ్యవిషయమున వీరు ధర్మశాస్త్రజ్ఞులతో విభేదించిరి. 1809 మొదలుకొని ఫిన్లండు ప్రత్యేకరాజ్యాంగముతో నున్నదనియు, ఆలండుపై దాని యధికారము నిస్సంశయమనియు వారి మతము. అల్పసంఖ్యాకులు కోరినపుడెల్ల రాజ్యమును విడిచిపోవచ్చునన్నచో వ్యవస్థ నిలువదని వారు తలంచిరి. అయినను స్వీడిషుభాషకు ఫిన్లండు తగిన రక్షణ లీయనిచో సమ్మతిసేకరణమునే విధింపవలసి వచ్చునని చెప్పిరి. ఇది హెచ్చరికయే, అధికారమునకు న్యాయపాలనము మూల్యముగా నిర్ణయింపఁబడెను.

1921 జూను 24-వ తేదీని సమితిమండలి తీర్పు చెప్పెను. సార్వభౌమాధికారము ఫిన్లండుది, ద్వీపవాసులకు రక్షణ లేర్పడవలెను, ద్వీపములు నిస్సైనికములుగాను దటస్థములుగాను ఉండవలెను. ఒక్క వివాదమును మూఁడు ప్రశ్నలుగా విడఁదీసి, మూఁటికిని వేర్వేఱుత్తరము లిచ్చుటయే యీతీర్పు ప్రత్యేకత. మూఁడు దినముల తరువాత రక్షణలు నిశ్చయింపఁబడెను. ప్రభుత్వధనముచే నడచు పాఠశాలలలో బోధనభాష స్వీడిషు మాత్రమే. బయటివానికి భూమి నమ్మినచో దానిని గొనుటకు ద్వీపవాసులకు ముందు హక్కు. వలసవచ్చిన ఫిన్లండు పౌరునికి స్థానికపు టోటుహక్కు 5 సంవత్సరముల నివాసము తరువాతనే. పాలకుని నియామకము ద్వీపసభాధ్యక్షుని సమ్మతితో. సమ్మతి కుదురనిచో సభ సూచించిన యైదుగురిలో నొకఁడు. భూమిపన్నులో సగము ద్వీపములకే. స్వీడను తీర్పును గష్టముతో నంగీకరించెను గాని ధిక్కరింపలేదు. 1922 జూను 9-వ తేదీని, తాము కోరని స్వపరిపాలనమున, ద్వీపవాసులు తమ సభను మొదటిసారి కూర్చుకొనిరి.

1921 అక్టోబరు 20-వ తేదీని జెనీవాలో జర్మనీ, డెన్మార్కు-ఐస్లండులు, ఎస్టోనియా, ఫిన్లండు, ఫ్రాన్సు, బ్రిటిషు సామ్రాజ్యము, ఇటలీ, లాట్వియా, పోలెండు, స్వీడను చేసికొన్న యొడంబడికలో 1856 నాఁటి లోపము దీర్పఁబడెను. కోట, స్థావరములతోఁ బాటు విమానస్థావరమును నిషేధింపఁబడెను. ద్వీపములును, వాని చుట్టును మూఁడు నావికమైళ్ల జలమును యుద్ధకాలమునఁ దటస్థమండల మనఁబడెను. అట్లని ఫిన్లండు చేతులు పూర్తిగాఁ గట్టివేయఁబడలేదు. శాంతిభద్రతలకై యవసరమైనపుడు సేనను దాత్కాలికముగాఁ బంపవచ్చును. ఒకటి రెండు చిన్న యుద్ధనౌకలు అప్పుడప్పుడు వచ్చిపోవచ్చును. బాల్టికున యుద్ధము వచ్చినచో మండలరక్షణకై జలమున మందుపాతరలఁ బెట్టవచ్చును. బాల్టికు సముద్రస్థితి యెట్లు మాఱినను ఈనియమములు చెల్లునని 8-వ ప్రకరణము చెప్పును. నియమము భూగతమను ధర్మశాస్త్రజ్ఞుల మాటకు ఇది శాసనరూపము.

ఈ యేర్పాటునం దొక గొప్ప లోపము గలదు. బాల్టికు తీరమున నున్న మహారాజ్యము రష్యాను బిలువక యిది చేయఁబడెను. సోవియటు ప్రభుత్వము నిరసనము తెల్పెను. లోపఫలము 1939లోఁ గానవచ్చెను. యుద్ధభయముచే ఫిన్లండును స్వీడనును దక్షిణద్వీపములఁ గొంతవఱకు దుర్గీకరింపఁ దలపెట్టి యొడంబడిక కర్తల సమ్మతిఁ గోరెను, సోవియటు వ్యతిరేకించెను, స్వీడను వెనుదీసెను. ఆశీతకాలమున సోవియటు దండెత్తఁగా ఫిన్లండు ద్వీపములఁ దుర్గీకరించెను. 1940 అక్టోబరు 11-వ తేదీని మాస్కోలో ఫిన్లండు సోవియటులకు మరల నిస్సైనికత నొప్పుకొని, దాని పాలనమును బరిశీలించుటకు మరీహామ్నునందు సోవియటు కాన్సులు కార్యాలయమున కనుమతి యిచ్చెను. 1941లో యుద్ధము తిరిగి రాఁగా సేనలు మరల వచ్చెను. 1947 ఫిబ్రవరి 10-వ తేదీ పారిసు శాంతిసంధియందలి 5-వ ప్రకరణము ఆలండు నిస్సైనికముగానే యుండునని స్థిరపఱచెను.

ఇన్నిసార్లు భగ్నమైన నియమము నియమమే యగునా యని యాక్షేపింపవచ్చును. అక్కఱగలపుడు విఱిగి, అక్కఱ లేనపుడు నిలుచునది వ్యర్థమను వాదమున బలము లేకపోలేదు. సమాధాన మిది. ఉల్లంఘించినవా రెవ్వరును నియమము లేదని చెప్పలేదు. యుద్ధకారణమున నని చెప్పిరి. ప్రతియుద్ధము తుదను ఫిరంగులు తొలఁగెను, పత్రము తిరిగి వ్రాయఁబడెను. అపవాదము వచ్చుటచే నుత్సర్గము చెడదు. అపవాదవిషయము తీఱఁగానే యుత్సర్గమే ప్రవర్తించును. మఱియు రక్షకులు పోయిరి గాని రక్ష్యము పోలేదు. రష్యాసామ్రాజ్యము 1917లోను, నానాజాతిసమితి 1946లోను, సోవియటు సంఘము 1991లోను అంతరించెను. 1992లో ఫిన్లండును రష్యాయు 1940 నాఁటి కట్టుబాటును ధ్రువపఱచెను. 1995లో ఫిన్లండు ఐరోపా సంఘమునఁ జేరినపుడును ఆలండు ప్రత్యేకస్థితి పత్రములఁ జేర్పఁబడెను.

2023 ఏప్రిల్ 4-వ తేదీని ఫిన్లండును, 2024 మార్చి 7-వ తేదీని స్వీడనును ఉత్తర అట్లాంటికు సైనికకూటమిలోఁ జేరుటచే నీవిషయము క్రొత్త పరీక్షకు వచ్చెను. 1921 నాఁటి యొడంబడిక చేసిన రాజ్యము లన్నియు నేఁడొక్క కూటమిలోనివే. ఇందు వేర్వేఱు పక్షములవారు గావున నొకరి నొకరు కనిపెట్టియుందురను నాఁటి విశ్వాసమున కాధారము తగ్గెను. ఆవలనున్న రష్యా 1940, 1947 పత్రముల ద్వారముననే దీనికి సంబంధించినది. 2022లో ఉక్రెయినుపై రష్యా దండెత్తిన పిమ్మట, రాయిదిబ్బలవంటి దీవులను నిరాయుధముగా విడుచుట ప్రమాదమను వాదము ఫిన్లండులో వినవచ్చెను. ఆయుధము లుంచుటయే శత్రువు నాకర్షించునను ప్రతివాదమును గలదు. ప్రభువు పక్షమును బట్టి భూమిస్థితిని నిర్ణయించుపక్షమున నీతాటస్థ్యము 2023లోనే ముగియవలసినది. అట్లు కాలేదు. ఫిన్లండు సైనికకూటమిలోనిది, దాని భాగమగు నాలండు నిస్సైనికము, తటస్థము.

ఈ చరిత్రమున నెవ్వరికిని గోరినదెల్ల దక్కలేదు. ద్వీపవాసులు స్వీడనును గోరిరి, భాషను దక్కించుకొనిరి. స్వీడను భూమిని గోరెను, భయనివృత్తిని బొందెను. ఫిన్లండు పూర్ణాధికారమును గోరెను, ఆయుధవర్జితమైన యధికారమును బొందెను. నూటికిఁ 95 మంది కోరికను బ్రక్కకుఁ బెట్టిన తీర్పును ధర్మమనుట కష్టమే. అది నాఁటి మహారాజ్యముల సౌకర్యమునకు లోఁబడినదే. కాని భూమి యెవరిదను ప్రశ్నను, దానియందుఁ గోట కట్టవచ్చునా యను ప్రశ్నను, పిల్లలే భాషలోఁ జదువుదురను ప్రశ్నను ఒక్క ముడిగా నుంచినచోఁ గత్తితోఁ గోయుట దప్ప దారి యుండదు. 1921లో నాముడి మూఁడు పోఁగులుగా విప్పఁబడెను. విప్పినవారి సమితి నశించినను, విప్పిన పోఁగులు నేఁటివఱకుఁ దెగలేదు.